మాటర్‌హార్న్ పాదమూలమున

స్విట్జర్లాండు దేశపు దక్షిణభాగమున, ఇటలీ సరిహద్దు నానుకొని, వాలే అను పర్వతరాష్ట్రము కలదు. రోన్ నది ప్రవహించు విశాలమైన లోయలోని విస్ప్ అను చిన్న పట్టణమునుండి దక్షిణాభిముఖముగా ఒక ఇరుకు లోయ చీలి, ఇరుప్రక్కల నిట్టనిలువుగా లేచిన కొండల నడుమ, రాళ్లపై నురుగులు గ్రక్కుచు దూకు ఏటి నొరసికొనుచు, సుమారు 35 కిలోమీటర్లు సాగి, 4,000 మీటర్లకు మించిన శిఖరములు మూడు దిక్కుల నడ్డగించినచోట ఇక పోవుటకు దారిలేక నిలిచిపోవును. అట్లు నిలిచిపోయినచోట, సముద్రమట్టమునకు 1,600 మీటర్లకు పైచిలుకు ఎత్తున నున్న ఊరు జెర్మాట్. శాశ్వతనివాసులు ఆరువేలకు లోపే. కాని సీజను వచ్చెనా, హోటళ్లలోను అద్దె యిండ్లలోను బసచేయు యాత్రికుల సంఖ్య దానికి ఎన్నో రెట్లగును.

ఇంతమంది ఈ కొసనున్న పల్లెకు వచ్చుట ఒక్క కొండ కొరకు. ఒక కొండ ఒక ఊరికి అన్నము పెట్టిన కథ ఇది. ఐతే ఆ కొండను చూడవచ్చినవారిని, దానితో వ్యాపారము చేయవచ్చినవారిని ఊరివారు ఎంతవరకు లోనికి రానిచ్చిరి, ఎవరిని గుమ్మము దగ్గరనే నిలిపిరి అనునది, నా మట్టుకు, కొండ కథకంటెను రసవత్తరముగా తోచును.

ముందుగా ఆ కొండను గూర్చి. మాటర్‌హార్న్ ఎత్తు 4,478 మీటర్లు. ఆల్ప్స్ పర్వతములలో ఇంతకంటె ఎత్తైనవి లేకపోలేదు. ఈ లోయకు తూర్పువైపుననే యున్న మోంటెరోజా శిఖరము 4,634 మీటర్లు. కాని మోంటెరోజా తన తోడి శిఖరముల గుంపులో కలసిపోయి యుండగా, మాటర్‌హార్న్ ఎవరితోను పొత్తులేక, నాలుగు ముఖములు నాలుగు దిక్కులకు త్రిప్పి, కొన యొకింత ప్రక్కకు వంగి, ఒంటరిగా నిలిచియుండును. చుట్టును గడ్డకట్టిన హిమనదములు వేలాది సంవత్సరములు నాలుగు వైపులనుండియు కోసివేయగా మిగిలిన ఆకారమది. భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పు మరియొక విశేషము వింతైనది: ఆఫ్రికా ఖండపు ఫలకము ఐరోపా ఫలకమును ఢీకొని దానిమీదికి ఎగబ్రాకినపుడు ఆల్ప్స్ పుట్టెనుగదా, ఆ త్రోపిడిలో ఆఫ్రికా అంచునకు చెందిన శిలలు పైకి చేరి ఈ కొండకు శిఖరమైనవి, వాని క్రింద, ఆ రెండు ఖండముల నడుమ నుండి అంతరించిపోయిన యొక సముద్రగర్భపు శిలలున్నవి. అనగా శిఖరమున నిలిచినవాడు, దేశమును బట్టి ఐరోపాలోను, రాతిని బట్టి ఆఫ్రికాలోను నిలిచినట్లు లెక్క.

యాత్రికులు రాకపూర్వము ఈ కొండను ఊరివారు పూజించినది లేదు, వర్ణించినది లేదు. దాని దరికి పోకుండుటయే మేలని తలచిరి. వారి చూపు అంతయు దానికి ప్రక్కనున్న థియోడుల్ కనుమమీదనే యుండెను. సుమారు 3,300 మీటర్ల ఎత్తున, మంచును త్రొక్కుచు దాటవలసిన ఆ కనుమయే ఇటలీవైపునకు దారి. రోమనుల కాలపు నాణెములు ఆ త్రోవలో దొరకినవి. 1980లలో అచ్చటి హిమనదము కరగి వెనుకకు తగ్గినకొలది, సుమారు 1600వ సంవత్సరప్రాంతమున దాటబోయి మంచులో పడిపోయిన యొక పురుషుని ఎముకలు, కత్తి, పిస్తోలు, నాణెములు ఒకటొకటిగా బయటపడెను. కూలికి యుద్ధము చేయు సైనికుడని మొదట తలచిరి. ఉడుపులను, సామగ్రిని పరీక్షించిన పిమ్మట, కలిగిన యింటి బాటసారియై యుండవచ్చునని పండితులు అభిప్రాయము మార్చుకొనిరి.

ఆనాటి పల్లె ఎట్లుండెనో చూడగోరువారు ప్రధానవీథిని, అందలి గడియారముల దుకాణములను, చాక్లెట్ల దుకాణములను విడిచి, హిన్‌టర్‌డోర్ఫ్ అను పాతపేటలోనికి పది అడుగులు మళ్లినచో చాలును. అచ్చట లార్చి చెట్టు దుంగలతో కట్టిన కొట్టములు, ఎన్నో తరముల యెండకు మాడి, నల్లనై, నేటికిని నిలిచియున్నవి. ప్రతి కొట్టమును పొట్టి కొయ్యకాళ్లమీద నిలబెట్టి, కాలికిని కొట్టమునకును నడుమ తిరుగటిరాయివలె గుండ్రనైన పెద్ద రాతిపలక నొకటి యుంచిరి. ఎలుక కాలి వెంబడి ప్రాకివచ్చినను పలక అంచు దాటి తలక్రిందులుగా పోజాలక మరల దిగిపోవును. లోపలి రై ధాన్యము, ఎండబెట్టిన మాంసము నిక్షేపముగా నుండును. సంవత్సరమున సగము నాళ్లు మంచు క్రమ్మియుండు చోట ఒక్క గంపెడు గింజలు ఎలుకల పాలగుట ఎంతటి నష్టమో, ఈ రాళ్లను చూచినపుడు తెలియును.

పదునెనిమిదవ శతాబ్దపు చివర జెనీవా శాస్త్రజ్ఞుడు సొస్యూర్ వచ్చి మాటర్‌హార్న్ ఎత్తును కొలిచిపోయెను. ఆ తరువాత మొక్కలను, రాళ్లను వెదకువారు అడపాతడపా వచ్చి, బసకు వేరుచోటు లేక, మతగురువు ఇంట తలదాచుకొనెడివారు. 1830లు ముగియువేళ ఊరి వైద్యుడు యోసెఫ్ లౌబర్ మూడు మంచములతో ఒక సత్రము తెరచెను. ఆ సత్రమును 1850లలో చేతికి తీసికొని, పెంచి, మోంటెరోజా హోటలు అని పేరుపెట్టినవాడు అలెగ్జాండర్ సైలర్. రోన్ లోయ ఎగువభాగమునుండి వచ్చిన, సబ్బులు క్రొవ్వొత్తులు చేయు వృత్తివాడు. అతని హోటలు మెట్లమీదనే 1865 జులైలో ఈ ఊరి తలవ్రాత మారెను.

ఎడ్వర్డ్ వింపర్ లండనులో కొయ్యచెక్కమీద బొమ్మలు చెక్కు పనివాడు. ఒక ప్రచురణకర్త ఆల్ప్స్ దృశ్యముల చిత్రములు గీసి తెమ్మని 1860లో పంపగా వచ్చి, కొండల మోజులో చిక్కుకొనెను. మాటర్‌హార్న్‌ను ఇటలీవైపునుండి ఎన్నిమారులో యత్నించి విఫలుడయ్యెను. ఆ వైపు మార్గదర్శకుడు జాన్ ఆంత్వాన్ కారెల్ అతనికి తోడు, పోటీ కూడ. ఇటాలియను బృందము నొకదానిని వెంటబెట్టుకొని కారెల్ తనకు చెప్పకయే బయలుదేరినాడని తెలిసిన క్షణమున వింపర్ కనుమ దాటి జెర్మాట్‌కు పరుగెత్తుకొనివచ్చి, అక్కడ చేతికందిన వారినందరిని ఒక జట్టుగా కూర్చెను. అందు 18 ఏండ్ల ఫ్రాన్సిస్ డగ్లస్ ప్రభువు, పర్వతారోహణమున పేరొందిన మతాచార్యుడు చార్లెస్ హడ్సన్, అతని వెంట వచ్చిన 19 ఏండ్ల హడో, షామొనీ వాడైన మేటి మార్గదర్శకుడు మిషెల్ క్రో, జెర్మాట్‌కే చెందిన పీటర్ టౌగ్వాల్డర్ అను పేరుగల తండ్రీకొడుకులు. వింపర్‌కు అప్పటికి 25 ఏండ్లు. ఏడుగురిలో హడోకు కొండలెక్కు అనుభవము మిక్కిలి తక్కువ. తొందరలో ఎవరును దానిని లెక్కపెట్టలేదు.

జులై 13న బయలుదేరి, 14వ తేదీ మధ్యాహ్నము శిఖరము చేరిరి. భయంకరమని అందరును తలచిన తూర్పుముఖము, దగ్గరకు పోయి చూడగా, మెట్లుమెట్లుగా నుండి తేలికగా లొంగెను. శిఖరమునుండి తొంగిచూడగా కారెల్ బృందము చాల క్రింద చీమలబారువలె కనబడినది. తాము గెలిచితిమని వారికి తెలియుటకై వింపర్, క్రో కేకలు వేసిరి, రాళ్లు దొరలించిరి. దిగునపుడు ఏడుగురును ఒక్క వరుసగా త్రాళ్లతో కట్టుకొనిరి. ముందు క్రో, అతని వెనుక హడో, తరువాత హడ్సన్, డగ్లస్, పెద్ద టౌగ్వాల్డర్, వింపర్, చివర చిన్న టౌగ్వాల్డర్. హడో పాదములను ఒక్కొక్కటిగా పట్టి తగినచోట నిలిపి, తాను అడుగు దింపుటకు క్రో మరలెను. అదే క్షణమున హడో జారి క్రో వీపుమీద పడెను. ఆ యూపుకు హడ్సన్, డగ్లస్ నిలద్రొక్కుకొనలేకపోయిరి. పై మువ్వురు రాతిని కరచిపట్టుకొని త్రాడు బిగించిరి. త్రాడు డగ్లస్‌కు పెద్ద టౌగ్వాల్డర్‌కు నడుమ తెగిపోయెను. నలుగురు ఉత్తరముఖముమీదుగా వెయ్యి మీటర్లకు పైగా పడిపోయిరి. మువ్వురి దేహములు దొరకినవి. డగ్లస్ దేహము నేటికిని దొరకలేదు.

తెగిన త్రాడు వారియొద్ద నున్న వానిలో సన్ననిది, బలహీనమైనది. మంచి త్రాళ్లుండగా దానినేల వాడిరి? ముసలి టౌగ్వాల్డర్ తన ప్రాణము దక్కించుకొనుటకు కోసివేసెనా? విచారణ జరిగెను, కోయలేదని తేలెను, ఏ నేరమును మోపలేదు. ఐనను అనుమానపు మాటలు ఆయనను చచ్చువరకు విడువలేదు. ఆ త్రాటి ముక్క జెర్మాట్ చర్చి ఎదుట నేలమాళిగలో నున్న మాటర్‌హార్న్ మ్యూజియమున గాజుపెట్టెలో భద్రపరుపబడి యున్నది. కత్తి తగిలిన గుర్తు లేదు. పోగులు పీచుపీచుగా విడిపోయినవి. ఊరిలో చూడదగిన వానిలో అన్నింటికంటె చిన్నది, ఖరీదు కట్టరానిది అదియే.

ఈ వార్త ఇంగ్లండునకు చేరగానే పత్రికలు మండిపడెను. కొండలెక్కుటను నిషేధింపవచ్చునా అని విక్టోరియా రాణి తన మంత్రులను అడిగెనందురు. నిషేధము రాలేదు, యాత్రికులు వచ్చిరి. నలుగురు చనిపోయిన కొండను చూడవలెనని జనము కనుమలమీదుగా, కంచరగాడిదలమీద, తండోపతండములుగా రాసాగిరి. చావు ఒక ఊరికి ఇంతటి ప్రచారము తెచ్చిపెట్టుట చదువరికి రుచింపకపోవచ్చును, కాని జరిగినది అదియే. ప్రమాదము జరిగిన మూడునాళ్లకే కారెల్ ఇటలీవైపునుండి శిఖరమెక్కెను. 1871లో లూసీ వాకర్ అను ఆంగ్లవనిత, పొడుగు లంగా కట్టుకొనియే, ఎక్కిన తొలి స్త్రీ యయ్యెను. మార్క్ ట్వేన్ 1878లో వచ్చి, రిఫెల్‌బెర్గ్ అను సాధువైన మెట్టను ఒక సైన్యమువంటి పరివారముతో ఎక్కినట్లు హాస్యకథ వ్రాసి, తన కాలపు కొండమోజును వెక్కిరించెను.

ఈ సంపదయంతయు సైలర్ హోటళ్లగుండా ప్రవహించెను. సహజముగా ఆయన ఊరిపౌరుడు కాదలచెను. ఇచ్చట మన పాఠకులకు ఒక సంగతి విప్పిచెప్పవలెను. స్విట్జర్లాండులో ఊరిలో నివసించుట వేరు, ఊరి పాతకాపుల సంఘమున సభ్యుడగుట వేరు. అడవులు, మేతబీళ్లు, నీరు మొదలగు ఉమ్మడి ఆస్తులన్నియు ఆ సంఘమువే. సభ్యత్వము పుట్టుకతో వచ్చును, లేదా సంఘము ఇచ్చినపుడే వచ్చును. పరాయి ఊరివాడు, అందునను ధనికుడు, లోనికి వచ్చినచో తమ ఉమ్మడి ఆస్తి ఎవరి చేతిలోనికి పోవునో అని జెర్మాట్ రైతులు వెనుకాడిరి. సైలర్ 1871లో అడిగెను, వారు ఒల్లమనిరి. ఆయన న్యాయస్థానములకెక్కెను, వారును వెనుదీయలేదు. వ్యాజ్యము కన్న వింతైనది వారు చేసిన పని: హోటలు నడుపుట సైలర్ ఒక్కనికే చేతనగునా యని, కాపు కుటుంబములన్నియు మనిషికింత అని చాకిరీ పంచుకొని, రాళ్లు మోసి, జెర్మాటర్‌హోఫ్ అను పెద్ద హోటలు కట్టి 1879లో తెరచిరి. సైలర్‌కు ఎట్టకేలకు 1889లో పౌరత్వము దక్కెను, రెండేండ్లకే చనిపోయెను. కాపులు కట్టిన హోటలు నేటికిని కాపుల సంఘముదే. ఆ సంఘము క్రింద నేడు ఎన్నో హోటళ్లు, భోజనశాలలు ఉన్నవి. ఆల్ప్స్ విహారస్థలములు పెక్కింట పరాయి పెట్టుబడియే యజమానియై కూర్చుండగా, జెర్మాట్ చాలవరకు మేకలు మేపిన కుటుంబములచేతులలోనే నిలిచినది. పెర్రెన్, యూలెన్, బీనర్, టౌగ్వాల్డర్, లౌబర్ అను ఇంటిపేర్లు పాత సమాధులమీదను క్రొత్త దుకాణముల బోర్డులమీదను ఒకేరీతిగా కనబడుచుండుటకు కారణమిదియే. సైలర్‌కు అన్యాయము జరిగినదనువారితో వాదింపను. కాని ఆ రైతుల భయము ఒట్టిది కాదని మాత్రము కాలము చూపినది.

సైలర్ చనిపోయిన 1891లోనే విస్ప్ నుండి రైలు ఊరికి వచ్చెను. 1898లో గోర్నర్‌గ్రాట్ మెట్టమీదికి మరియొక రైలు వేసిరి. పట్టాల నడుమ పండ్లకమ్మి నొకటి పరచి, బండి అడుగున నున్న పండ్లచక్రము దానిని పట్టి పట్టి ఎక్కునట్లు చేసిన ఈ రైలు, అట్టి రైళ్లలో స్విట్జర్లాండున విద్యుచ్ఛక్తితో నడచిన మొదటిది. నిలువున దాదాపు 1,470 మీటర్లు ఎక్కి 3,089 మీటర్ల ఎత్తున ఆగును. సాంక్ట్ మోరిట్జ్ వరకు పోవు గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ 1930లో మొదలైనది. 291 వంతెనలు, 91 సొరంగములు దాటుచు ఎనిమిది గంటలు తీసికొను ఈ బండిని ప్రపంచమున అతిమందగామియైన ఎక్స్‌ప్రెస్ అని స్విస్సులే నవ్వుచు చెప్పుకొందురు. చాలకాలము జెర్మాట్‌కు వేసవియే పంట. చలికాలపు మంచుజారుడు క్రీడకు వచ్చువారితో రెండవ పంట పండనారంభించినది 1920ల చివరనే.

పంట వెంబడి చీడయు వచ్చెను. 1963 మార్చిలో, సీజను ముమ్మరముగా నుండగా, త్రాగునీరు కలుషితమై టైఫాయిడు జ్వరము చెలరేగినది. నాలుగువందలమందికి పైగా జబ్బుపడిరి, ముగ్గురు మరణించిరి, రోగము యాత్రికుల వెంట పరదేశములకును పోయెను. సంగతి వెంటనే బయటపెట్టలేదను నింద అధికారులకు వచ్చినది. హోటళ్లు వెలవెలబోయెను. ఊరు వేగముగా పెరిగినంత వేగముగా గొట్టములు, మురుగుకాలువలు పెరుగలేదన్నది తేటతెల్లమైనది.

ఇక కార్ల సంగతి. టేష్ అను ప్రక్కగ్రామమువరకే అందరికిని రోడ్డు. అక్కడినుండి 5 కిలోమీటర్లు అనుమతి పత్రము గలవారికే. కారులో వచ్చినవాడు, ఎంతటివాడైనను, టేష్‌లో కారు విడిచి 12 నిముషముల రైలెక్కి రావలెను. రోడ్డు తెరచుట మంచిదా యను ప్రశ్న ఊరి ఓటర్ల ముందుకు వచ్చినది, తెరువవలదనియే తీర్పు. సైలర్‌ను నిలిపిన గుమ్మముననే కారును నిలిపిరి. అత్యవసరములకు తప్ప పెట్రోలు బండి ఊరిలో తిరుగదు. సామానులు మోయుటకు, టాక్సీలకు, బస్సులకు విద్యుత్తు బండ్లున్నవి. ఊరిలోనే తయారుచేయు అల్యూమినియము పెట్టెలవంటివి, ఇరుకు సందులకు సరిపోవు కొలతలవి. గాలి తేటగా నుండును, కొండ మసకలేక కనబడును. కాని నిశ్శబ్దమునకు మురిసి వీథినడుమ నిలుచు క్రొత్తవాడు ఒకమారైనను ఉలికిపడక తప్పదు, ఆ బండి వెనుకకు వచ్చినట్లు తెలియదు గావున.

చర్చి ప్రక్కన పర్వతారోహకుల సమాధులున్నవి. మిషెల్ క్రో అచ్చటనే నిద్రించుచున్నాడు. మాటర్‌హార్న్‌పై మరణించినవారు 1865 నుండి నేటివరకు 500 మందిని మించినారు. 1931లో మ్యూనిక్ నుండి సైకిళ్లమీద వచ్చి, ఉత్తరముఖమును తొలిసారి ఎక్కి, మరల సైకిళ్లమీదనే పోయిన ష్మిడ్ సోదరుల సాహసమును చెప్పుకొనునపుడు ఈ లెక్కను మరువరాదు. దానికి ఎదురుగా ఉల్రిచ్ ఇండర్‌బినెన్ బ్రతుకును నిలుపవచ్చును. ఈ ఊరనే 1900లో పుట్టిన ఆ మార్గదర్శకుడు 370కి పైగా మారులు మాటర్‌హార్న్ ఎక్కి, తొంబదియవ యేట చివరిసారి ఎక్కి దిగి, 103 ఏండ్లు బ్రతికి, 2004లో మంచముమీద శాంతముగా కన్నుమూసెను. ఆయన పేర ఊరిలో ఒక నీటిధార కట్టిరి. ఆపదలో చిక్కినవారిని ఎగిరిపోయి తెచ్చుటకు ఎయిర్ జెర్మాట్ అను హెలికాప్టరు సంస్థ 1968లో ఇచ్చటనే వెలసినది. 2018 జనవరిలో హిమపాతముల భయమున రోడ్డు, రైలు మూసివేయగా ఊరిలో చిక్కుకొన్న సుమారు 13,000 మందికి బయటపడుటకు ఆకాశమార్గమే మిగిలెను.

కేబుల్ కార్లు ఎక్కించు ఎత్తులలో మిక్కిలి గొప్పది క్లైన్ మాటర్‌హార్న్, 3,883 మీటర్లు. ఐరోపాలో ఇంతకంటె ఎత్తైన కేబుల్ కారు స్టేషను లేదు. 2023 నుండి అక్కడినుండి తీగలమీదనే ఇటలీవైపు దిగవచ్చును. కంచరగాడిదలు దాటిన థియోడుల్ త్రోవ, ఒక విధముగా, మరల తెరచుకొన్నది. అచ్చటి హిమనదముమీద వేసవియందును మంచుజారుడు ఆడుదురు. ఐతే ఆ హిమనదము ఏటేట క్షీణించుచున్నది. అదే 2023 శరత్కాలమున ప్రపంచకప్ పందెమునకు దారి చదునుచేయుటకై ఎక్స్‌కవేటర్లు మంచును త్రవ్వుచున్న చిత్రములు బయటికి రాగా, అనుమతించిన హద్దు దాటి త్రవ్వినారని పెద్ద రచ్చయైనది. పందెములు వాతావరణము అనుకూలింపక ఆ యేడును జరుగలేదు. ఉమ్మడి బీడును పరాయివానినుండి కాపాడుకొన్న ఊరు, ఈ మంచును ఎవరినుండి కాపాడవలెనో ఇంకను తేల్చుకొనవలసియున్నది. ఇక్కడ తలుపు వేయుటకు గుమ్మము బయట ఎవరును లేరు.

కొండ బొమ్మ మాత్రము ఊరి చేతిలో లేదు. టొబ్లరోన్ చాక్లెటు డబ్బామీద ఏండ్ల తరబడి నిలిచిన మాటర్‌హార్న్, తయారీలో కొంత స్లొవేకియాకు తరలిన పిదప, స్విస్ చిహ్నముల వాడుకను గూర్చిన చట్టము వలన 2023లో దిగిపోవలసి వచ్చెను. మనవారికి ఈ కొండ దగ్గరైన ఘట్టము వేరొకటి కలదు: 2020 ఏప్రిలులో, కరోనా రాత్రులయందు, హోఫ్‌స్టెట్టర్ అను కాంతికళాకారుడు ఒక్కొక్క దేశపు పతాకమును దీపకాంతితో ఆ కొండమీద చిత్రించుచు, ఒక రాత్రి మన త్రివర్ణమును పరచెను.

పోదలచినవారికి రెండు మాటలు. జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు నడకకు మంచివి. మంచు ఆటలకు డిసెంబరు నుండి ఏప్రిలు. ఖర్చు హెచ్చు, టేష్‌లో బస కొంత చవుక. కొండను దగ్గరగా చూచుటకు గోర్నర్‌గ్రాట్ రైలే ఉత్తమము. ఎక్కునపుడు కుడివైపు కిటికీ పట్టవలెను. దిగునపుడు రోటెన్‌బోడెన్‌లో దిగి కొంచెము నడచినచో రిఫెల్‌జే అను చిన్న చెరువు వచ్చును. గాలి లేని ఉదయమున కొండ అందు తలక్రిందులుగా కనబడును. మధ్యాహ్నమునకు తరచు మబ్బు పట్టును గనుక తొలి బండ్లలోనే పోవలెను. పై స్టేషనుల కెమెరా దృశ్యములు క్రింద తెరలపై చూపుచుందురు. టిక్కెట్టు ఖరీదు స్వల్పము కాదు, ఆ తెర చూచి కొండ కనబడుచున్నదని రూఢి చేసికొనిన పిమ్మటనే కొనుట మేలు.